వయస్సు మీరిన వీరోత్సాహము



నలుబదియైదేండ్లు నిండిన గృహస్థుడు పత్రికలో సరిహద్దు వార్త చదివి, "నేనును సైన్యమున చేరుదును" అన్నచో ఇంటిల్లిపాదియు నవ్వుదురు. ఆ నవ్వు న్యాయము కాదని మేము తలచుచున్నాము. వయోమితి శరీరమునకే కాని దేశభక్తికి లేదు.

అట్లని వయోమితి నిరర్థకమనరాదు. బరువు మోయుట, నిద్ర కాచుట, గాయమునుండి వేగముగా కోలుకొనుట యౌవనమునకు సులభములు. 2022లో అగ్నిపథ పథకమును ప్రకటించినప్పుడు ప్రవేశవయస్సు పదునేడున్నర మొదలు 21 ఏండ్లు. అంతకుముందు రెండేండ్లు నియామకములు జరుగనందున ఆ యొక్క సంవత్సరమునకు 23 వరకు సడలించిరి. ఇరువదినాలుగేండ్ల కుమారునికే వయస్సు మీరినదన్నచోట తండ్రి మాట చెప్పనేల?

మరి ఆ యుత్సాహమునకు దారి యేది? ఇందుకు మన హైదరాబాదుననే యొక నిదర్శనము కలదు. నాంపల్లి స్టేషను రోడ్డున, ఆబిడ్స్ చెంత, సరోజినీదేవిగారి గృహమైన గోల్డెన్ త్రెషోల్డ్ నేటికిని నిలిచియున్నది. 1905లో వెలువడిన ఆమె కవితాసంపుటి పేరే ఆ యింటి పేరు. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలుత నడచినదియు నిచ్చటనే.

1914 ఆగస్టులో ప్రపంచయుద్ధము ఆరంభమైనప్పుడు ఆమె లండనులో నుండిరి. బ్రిటిషు యుద్ధమంత్రి కిచెనరు తొలి పిలుపు 19 మొదలు 30 ఏండ్ల పురుషులకే. ఆమెకు 35 ఏండ్లు, పైగా స్త్రీ. అప్పుడే లండను చేరిన గాంధీగారికి 44. పరాయి ప్రభువుల యుద్ధమునకు మనమేల తోడ్పడవలెనని మిత్రులు కొందరు ఆక్షేపించిరి. ఆ వాదమటుంచి వారి పనిని చూడుడు. గాంధీగారు సుమారు 80 మంది భారతీయులను కూడగట్టగా, వారందరు ఆరువారములు ప్రథమచికిత్స నేర్చిరి. సరోజినీదేవిగారు లైసియం మహిళాసంఘమున సైనికులకు దుస్తులు సిద్ధపరచు పనిలో దిగి, తొలి పరిచయముననే గాంధీగారి ముందు కత్తిరించిన బట్టల ప్రోగు పెట్టి, కుట్టించి తెమ్మనిరి. 1915లో హైదరాబాదు స్త్రీల యుద్ధసహాయ సంఘపు నివేదికకై భారతసైనికులపై గీతము వ్రాసిరి. తుపాకి పట్టని చేతికి సూదియు, కలమును దొరకినవి.

రామాయణమున జాంబవంతుడు తొంబది యోజనములకు మించి దుముకజాలనని యొప్పుకొనెను. అయినను ఊరకుండక, హనుమంతుని బలమును హనుమంతునకే జ్ఞప్తికి తెచ్చెను. సముద్రము దాటినవాడొకడు, దాటుటకు పురికొల్పినవాడు మరియొకడు.

నేడును ద్వారములన్నియు మూయబడలేదు. 1949లో రాజాజీ ప్రారంభించిన టెరిటోరియల్ ఆర్మీలో, తమ వృత్తిని విడువకయే సేవింపదలచినవారికి 18 మొదలు 42 ఏండ్ల వరకు ప్రవేశము కలదు. హోంగార్డులలో కేంద్ర నిబంధనల మేరకు 50 వరకు చేరవచ్చును. ఆరోగ్యవంతులు 65 వరకు రక్తదానము చేయవచ్చును. ప్రథమచికిత్స నేర్చుటకు, సైనికుల కుటుంబములకు పింఛను కాగితములు వ్రాసిపెట్టుటకు వయోమితియే లేదు.

కావున మీ యింట నట్టి మాట వినబడినప్పుడు నవ్వకుడు. "మన చేతనగు పని యేది?" యని కలసి యోచింపుడు. మీ వీధిలో కుమారుని సరిహద్దునకు పంపి యొంటరిగా నున్న తల్లి యున్నచో, ఆమెకు మందులు తెచ్చియిచ్చుటతో ఆరంభింపుడు. ఇల్లు నిశ్చింతగా నున్నదని తెలిసిన సైనికుడు అచ్చట స్థిరముగా నిలువగలడు.