పనిపిల్ల కోసం వచ్చిన పెద్దావిడ

డబ్బున్న ఇంట్లో హత్య జరిగిందంటే అందరి చూపూ వీలునామా మీదకే పోతుంది. అగాథా క్రిస్టీ 1953లో రాసిన ‘ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై’లో ఆ సరంజామాకు కొదవలేదు: మార్మలేడ్‌లో కలిపిన యూ చెట్టు విషంతో పోయిన వ్యాపారి రెక్స్ ఫోర్టెస్క్యూ, ఆయన కోటు జేబులో రై గింజలు, వయసులో బాగా చిన్నదైన రెండో భార్య, తండ్రితో పొసగని కొడుకులు. అయితే నేరాల గుట్టు విప్పే పెద్దావిడ మిస్ మార్పుల్ రైలెక్కి వచ్చింది వీళ్లెవరి కోసమూ కాదు. ఆ ఇంటి పనిపిల్ల, అనాథాశ్రమం నుంచి వచ్చిన గ్లాడిస్‌కు ఒకప్పుడు ఇంటిపని నేర్పింది ఆవిడే. ఆ పిల్ల గొంతు నులిమి, ముక్కుకు బట్టల క్లిప్పు తగిలించి పోయాడు హంతకుడు. చంపడం ఒక ఎత్తు, ఆ వెటకారం ఇంకో ఎత్తు. పెద్దావిడకు ఒళ్లు మండింది. ఇన్‌స్పెక్టర్ నీల్ తెలివితక్కువవాడేం కాదు, విషం ఏదో, ఆస్తి లెక్కలేమిటో చకచకా తేల్చగలడు. కానీ గ్లాడిస్ ఎలాంటి మాటలకు కరిగిపోతుందో, ఎవరిని గుడ్డిగా నమ్ముతుందో మార్పుల్‌కు తెలిసినట్టు ఆయనకెలా తెలుస్తుంది? చిక్కుముడి విడిపోయేది అక్కడే. రియాన్ జాన్సన్ ‘నైవ్స్ అవుట్’ (2019) సినిమాలో సంపన్న కుటుంబాన్ని పక్కకు నెట్టి నర్సు మార్తాను కథ నడిమధ్యకు తెచ్చినందుకు చాలామంది ముచ్చటపడ్డారు. ముచ్చటైన పనే, కాదనను. కాకపోతే ఆ దారిలో క్రిస్టీ 66 ఏళ్ల ముందే నడిచింది, అదీ మరింత కోపంతో.