చెట్టుకున్నపాటి దిక్కు

మొన్న కొవ్వూరు వైపు పనిబడి వెళ్లినవాణ్ణి, కుమారదేవం దాకా వెళ్లి ఆ చెట్టును చూసొచ్చాను. మీలో చాలామందికి ఊరు పేరు తెలియకపోయినా చెట్టు తెలుసు. గోదారి గట్టున గొడుగు పట్టినట్టుండే నిద్రగన్నేరు. నూట యాభై ఏళ్ల వయసంటారు. 'పాడిపంటలు'తో మొదలెట్టి మూడొందల సినిమాలు దాని నీడన తీశారంటారు. ఆ లెక్క ఎవరు రాశారో నాకు తెలీదు గానీ, ఊళ్లోవాళ్లు మాత్రం 'సినిమా చెట్టు' అనే అంటారు. 2024 ఆగస్టులో వరదకి గట్టు కోసుకుపోయి వేళ్లతో సహా ఒరిగిపోయింది.

తర్వాత జరిగిందే నాకు ముచ్చటేసింది. రాజమండ్రి రోటరీ వాళ్లు, చెట్లంటే ప్రాణం పెట్టే వలంటీర్లు కొందరు పూనుకున్నారు. కొమ్మలు నరికించారు, మోడుకి మందులు పూయించారు, కనిపెట్టుకుని ఉన్నారు. కొన్ని వారాలకు పచ్చగా చిగురేసింది. జీతం లేదు, జీవో లేదు. ఒక సినిమా జ్ఞాపకం కోసం మనవాళ్లు సొంత డబ్బు, సొంత ఆదివారాలు ఖర్చుపెట్టారు.

చెట్టుకున్నపాటి దిక్కు సినిమాకి లేకపోయిందే అని అక్కడ నిలబడే అనుకున్నాను.

ఆంధ్రదేశంలో మొదటి స్టూడియో ఎక్కడ పెట్టారని రాజమండ్రి కుర్రాళ్లని అడిగి చూడండి. నేను అడిగాను. వైజాగ్ అన్నాడొకడు, బెజవాడ అన్నాడు ఇంకొకడు. వాళ్ల ఊళ్లోనే పెట్టారు! 1936లో నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ కట్టి 'సంపూర్ణ రామాయణం' తీశారు. చిన్ననాటి సీతగా వేసింది పెంటపాడు పిల్ల పుష్పవల్లి. అంతకు ముందే 1920ల్లో కాకినాడలో సి. పుల్లయ్యగారు ఊళ్లోవాళ్లతోనే 'భక్త మార్కండేయ' మూకీ తీసేశారు. ఆ తర్వాత సరుకంతా మద్రాసు వెళ్లిపోయింది, అక్కణ్ణుంచి హైదరాబాదు. మనకి మిగిలింది లొకేషను. వాళ్లు పడవ కావాలంటే పడవ ఇచ్చాం, మండువా లోగిలి కావాలంటే తలుపులు తీశాం, షూటింగు చూసి చప్పట్లు కొట్టాం.

మనకి చేతకాక కాదు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ ఏమిటి? సాయంత్రం ఉద్యోగాల నుంచి వచ్చి మొహానికి రంగు పూసుకున్నవాళ్ల క్లబ్బు. ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి అక్కడ నాటకాలాడి సినిమాలకి వెళ్లినవాళ్లే. అదే కాకినాడలో సరస్వతీ గానసభ వందేళ్లు దాటి కచేరీలు పెడుతూనే ఉంది. ఇక నాటిక పరిషత్తుల సంగతి పడమటి డెల్టా వాళ్లకి నేను చెప్పాలా? సంక్రాంతి నెల పట్టేసరికి ఒక పెద్దమనిషి చంకలో చందా పుస్తకం పెట్టుకుని బయల్దేరతాడు. రైస్‌మిల్లు ఆయన ఇంత, ఎరువుల కొట్టు ఆయన ఇంత. హైస్కూలు ఆవరణలో షామియానా. ఎక్కణ్ణుంచో వచ్చిన నాటక సమాజానికి ఒకరింట్లో బస, ఇంకొకరింట్లో గుత్తొంకాయ కూరతో భోజనం. రాత్రి రెండింటికి నాటిక అయ్యాక కూడా జనం కదలరు, షీల్డు ఎవరికొస్తుందోనని. పొద్దున్న కాఫీ హోటల్లో జడ్జీల మీద పోట్లాట. ఆ పోట్లాటే నాకు ముఖ్యం. నాటికని అంత పట్టించుకుని మాట్లాడే జనం ఉంటేనే రాసేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాడు.

సినిమాకి ఆ పోట్లాట లేదు. అంటే, ఉంది, కలెక్షన్ల మీద!

కథ మీద, తీసిన తీరు మీద పోట్లాడుకోవాలంటే నలుగురూ కలిసి మంచి సినిమా చూసి మాట్లాడుకునే సంఘం ఉండాలి. అదే ఫిల్మ్ సొసైటీ. అదేం బ్రహ్మవిద్య కాదు. 1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వగైరా స్నేహితులు కలిసి పెట్టుకున్నారు. 1959లో దేశంలోని సొసైటీలన్నిటికీ ఒక ఫెడరేషను ఏర్పడితే, దానికి రాయే అధ్యక్షుడు. సభ్యుల చందా, ఒక హాలు, ప్రొజెక్టరు. రాయబార కార్యాలయాల నుంచి, పుణె ఆర్కైవ్ నుంచి రేకు పెట్టెల్లో రీళ్లు రైల్లో వచ్చేవి; చూసి, మళ్లీ పార్సెల్ ఆఫీసులో అప్పజెప్పేవాళ్లు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ 1974 నాటిది. సరే, అది రాజధాని అంటారా? కరీంనగర్ ఏ రాజధాని? వారాల ఆనంద్‌గారూ మిత్రులూ అక్కడ ఏళ్ల తరబడి ప్రపంచ సినిమా చూపించారు. ఇప్పుడు రీళ్లు మొయ్యక్కర్లేదు, సినిమా జేబులో పడుతుంది. మొయ్యాల్సింది మనిషి బరువే.

ఫోనులో అన్నీ దొరుకుతుంటే సొసైటీ ఎందుకని మా అల్లుడు అడిగాడు. వాడికి పుష్కరఘాట్ సంగతి చెప్పాను. అమలాపురం వైపు కుర్రాడొకడు తను తీసిన పొట్టి సినిమా చూడమని ఫోను నా చేతిలో పెట్టాడు. ఎండకి తెర కనబడక అరచేయి అడ్డం పెట్టుకున్నాను. సరిగ్గా కొబ్బరి దింపు కూలీ తన కూతురికి ఏదో చెప్పే చోట ఆర్చి బ్రిడ్జి మీద రైలొచ్చింది, మాట వినపడలేదు. వెనక్కి జరిపి మళ్లీ చూపించాడు. చూసినంతలో బాగుంది, చివర మాత్రం అనవసరంగా సాగదీశాడు. ఆ మాటంటే వాడి మొహం వెలిగింది. "ఇప్పటిదాకా అందరూ సూపరన్నారండి, ఎక్కడ బాలేదో ఎవరూ చెప్పలేదండి" అన్నాడు. పాతికమంది చీకట్లో కూర్చుని చూసి, దీపాలు వెలిగాక వాడి మొహం మీదే మాట్లాడే చోటు ఒకటి వాడికి కావాలి. అది ఫోనులో దొరకదు.

డబ్బు మాటా? ఒక పెద్ద హీరో రిలీజుకి మన జంక్షన్లలో కట్టే ఫ్లెక్సీల ఖర్చుతో చిన్న హాల్లో ఏడాది ఆదివారాలు గడిచిపోతాయని నా అంచనా. ఫ్యాన్స్ అసోసియేషన్ల కుర్రాళ్లని నేను వెక్కిరించడం లేదు. తెల్లారుజామున నాలుగింటి ఆటకి ఊరంతటినీ లేపగలిగినవాళ్లు, నెలకోసారి సాయంత్రం ఆరింటికి వందమందిని కూర్చోబెట్టలేరా? హాలు ప్రభుత్వం కట్టిస్తుందని చూడకండి. చెట్టుకి చూశామా?

భీమవరం, పాలకొల్లు, కాకినాడ, రాజమండ్రి... చందా పుస్తకం ఏ ఊళ్లో ఎవరు తెరిచినా మొదటి పేజీలో నా పేరు రాసుకోండి. మొదటి ఆట మాత్రం బాపుగారి 'సాక్షి' వెయ్యండి. 1967లో పులిదిండిలో తీసిన సినిమా అది. ఆ ఊరివాళ్లకి కబురుపెట్టి ముందు వరసలో కూర్చోబెట్టండి.

– గట్టువాసి