ఉపనది పక్షాన నాలుగు మాటలు

దక్షిణ భారతదేశంలో అత్యంత పొడవైన నది ఏది? గోదావరి, 1465 కిలోమీటర్లు. రెండవది? కృష్ణ, 1400. మూడవది? కావేరి, 800.

బడిపిల్లవాడు మొదలుకొని కొలువు పరీక్షకు కూర్చునే పట్టభద్రుని దాకా తెలుగునాట ఎవరిని నిద్రలో లేపి అడిగినా ఈ పాఠం అప్పజెప్పగలరు. నేనూ దీనిని అప్పజెప్పించినవాడినే. ఇవాళ నా ఫిర్యాదు ఈ జాబితా మీదనే. ఇందులోని అంకెలు తప్పులని నేననడం లేదు. మనుష్యులు చేసుకున్న ఏర్పాటును ప్రకృతి చెక్కిన శాసనంగా పిల్లలకు నూరిపోస్తున్నామని అంటున్నాను.

మిత్రులారా, ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. ఒకనాడు సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు సెలవు పెడితే ఆ తరగతికి నన్ను పంపారు. తెలుగు పండితునికి భూగోళమేమిటని విసుక్కుంటూనే వెళ్ళి నదుల పట్టిక వల్లె వేయించాను. ఒక కుర్రవాడు లేచి, గోడపటం మీద తాను దారం పెట్టి కొలిచాననీ, కృష్ణ కంటె దానిలో కలిసే భీమ దారమే పొడుగు వచ్చిందనీ అన్నాడు. "ఉప అంటే ఏమిట్రా? అధ్యక్షుడికి ఉపాధ్యక్షుడెంతో నదికి ఉపనదీ అంతే. ఉపనది నదికంటె పెద్దదెట్లా అవుతుంది? కూర్చో!" అన్నాను. తరగతి నవ్వింది. వాడు కూర్చున్నాడు.

ఉద్యోగ విరమణ తరువాత తీరికగా అంకెలు వేసి చూశాను. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ మహారాష్ట్రలో సుమారు 300, కర్ణాటకలో సుమారు 480 కిలోమీటర్లు నడిచి, తెలంగాణ పొలిమేరలో తంగిడి వద్ద భీమను కలుసుకుంటుంది. అంటే అప్పటికి కృష్ణ నడిచినది దాదాపు 780. భీమశంకరంలో పుట్టి, పండరిపురంలో చంద్రభాగ అని పిలిపించుకొని, అదే చోటికి వచ్చిన భీమ నడిచినది 861. కుర్రవాని దారం అబద్ధమాడలేదు. అబద్ధమాడినది నా వ్యాకరణం.

ఇక్కడితో ఆగితే ఇది ఒక వింత మాత్రమే. మరొక్క అడుగు వేయండి. ఒక నదీవ్యవస్థ పొడవును దానిలో అన్నిటికంటె దూరాన పుట్టిన పాయ నుండి కొలవాలన్న పద్ధతి భూగోళశాస్త్రంలో ఉన్నది. మిసిసిపీని మిస్సౌరీతో కలిపి లెక్కించడం ఈ పద్ధతినే. దీనిని మన కృష్ణకు అన్వయిస్తే తంగిడి దిగువన మిగిలిన 620కి భీమ 861 చేరి సుమారు 1480 అవుతుంది. గోదావరి 1465. చూశారా! ఒక్క నియమం మార్చగానే ప్రథమ స్థానం తారుమారైనది.

గోదావరి తీరవాసులు కోపగించుకోవద్దు. అదే న్యాయం మీకూ చేస్తాను. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి మహారాష్ట్రలో 694 కిలోమీటర్లు ప్రవహించి కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. అక్కడ వచ్చి కలిసే మంజీర పొడవు 724. బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర నుండి కొలిస్తే గోదావరి పొడవు 1495. మళ్ళీ గోదావరిదే పైచేయి! కాని తేడా ఎంత? పదిహేను కిలోమీటర్లు, అంటే నూటికి ఒక వంతు. పాత పటాలలో గీతల మందంలోనే పోగలిగిన ఈ తేడా మీద కదా మన "అత్యంత" అనే విశేషణం నిలబడి ఉన్నది!

నది పొడవు చెప్పేముందు మూడు నిర్ణయాలు జరిగి తీరాలి. నది ఎక్కడ మొదలైనదన్నది మొదటిది. పేరు పుట్టిన చోటా, అతి దూరపు ఊట పుట్టిన చోటా? ఎక్కడ ముగిసినదన్నది రెండవది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలుతుంది. ఒకటి యానాం మీదుగా, వేరొకటి అంతర్వేది వద్ద సముద్రంలో కలుస్తాయి. వీటిలో దేనిని నదిగా, దేనిని పాయగా ఎంచాలి? ఇక మూడవది, ఏ కొలబద్దతో కొలిచారన్నది. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ మరిన్ని వంపులు లెక్కకు వచ్చి పొడవు పెరుగుతుంది. బ్రిటను తీరరేఖ పొడవెంత అన్న ప్రశ్నతో బెన్వా మాండెల్‌బ్రో 1967లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ చిక్కును గురించినదే. నదీతీరానికీ ఈ చిక్కు తప్పదు.

ఈ నిర్ణయాలు చేసేది నది కాదు, మనిషి. పేర్ల సంగతి చూడండి. కూడలి వద్ద తుంగ, భద్ర కలిసినప్పుడు జనం ఏ ఒక్కదానినీ ఉపనదిని చేయలేదు. ద్వంద్వ సమాసం వేసి తగవు తీర్చి తుంగభద్ర అన్నారు. ఎంత సంస్కారం! వార్ధా, వైన్‌గంగలు కలిసినప్పుడు ఇద్దరి పేర్లూ తీసివేసి ప్రాణహిత అని కొత్త పేరు పెట్టారు. తత్ఫలితంగా పట్టికలో ప్రాణహిత 113 కిలోమీటర్ల పొట్టి నది అయి కూర్చున్నది. కాని గోదావరి పరీవాహక ప్రాంతంలో సుమారు మూడవవంతు ఈ పొట్టిదానిదే! పొడవుల జాబితా చదివినవానికి ఈ సత్యం ఏనాటికైనా తెలుస్తుందా?

పొడవునుబట్టి నీటిని ఊహించేవారికి మరొక ఉదాహరణ. నర్మద 1312 కిలోమీటర్లు, మహానది 851. కాని మహానది పరీవాహక ప్రాంతం సుమారు 1,41,600 చదరపు కిలోమీటర్లు, నర్మదది సుమారు 98,800. ఏటా పారే నీరు కూడా మహానదిలోనే ఎక్కువ. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణను రాష్ట్రాలకు పంచినప్పుడు లెక్క కట్టినది 75 శాతం విశ్వసనీయతతో దొరికే 2060 టి.ఎం.సి.ల నీటిని. రైతుకు కావలసినది పారే నీరు. పొడవును పట్టుకొని వేలాడుతున్నది మన ప్రశ్నపత్రాలే.

"మాస్టారూ, పిల్లలకు ఇంత బరువు అవసరమా? ఒక ప్రశ్నకు ఒక జవాబుండాలి గదా" అని ఆక్షేపించేవారుంటారు. ఉండాలి. పేరు పుట్టిన చోటినుండి లెక్కిస్తే గోదావరే మొదటిదని నేనూ ఒప్పుకుంటాను. ఆ "లెక్కిస్తే" అన్న మాటను ఎగరగొట్టడమే నేను కాదంటున్నది. భీమ 861, కావేరి 800. అయినా మూడవ స్థానం కావేరిదే. ఎందుకని? భీమ సముద్రాన్ని చేరదు కనుక, ఉపనదులను జాబితాకు ఎక్కించము కనుక. ఈ ఒక్క వాక్యం పాఠంలో చేర్చడం బరువా? ఒక దారపుండ, ఒక గోడపటం ఏ బీదబడిలోనైనా దొరుకుతాయే! నియమం చెప్పకుండా జవాబు అడిగి, పరీక్షలో అర మార్కు కోసి, ఉద్యోగం పోగొట్టుకున్న యువకునితో "కీలో ఇలాగే ఉంది" అనడం విద్య కాదు, పెత్తనం.

నా కోరిక చిన్నది. పాఠ్యపుస్తకంలో పొడవు రాసినచోట "ఎక్కడినుండి ఎక్కడికి" అన్నది కూడా రాయండి. పక్కన పరీవాహక ప్రాంతమూ, ఏటి నీరూ రాయండి. దారం పట్టుకొని లేచిన పిల్లవానిని కూర్చోబెట్టకండి.

చివరగా నా వ్యాకరణానికి ప్రాయశ్చిత్తం. "ఉప" అంటే తక్కువది అని ఆనాడు చెప్పాను. ఆ ఉపసర్గకు మొదటి అర్థం సమీపం. ఉపనయనంలోనూ ఉపనిషత్తులోనూ ఉన్నది ఆ అర్థమే. ఉపనది అంటే దగ్గరకు వచ్చిన నది. చిన్న నది అని ఏ నిఘంటువూ నాతో చెప్పలేదు, ఆ తరగతిలో నా అహంకారం చెప్పింది. ఆ కుర్రవాడు ఇప్పుడు నడివయసువాడై ఉంటాడు. ఎక్కడున్నా, నాయనా, నీ దారమే సరైనది. ఆనాడు కూర్చోవలసినవాడిని నేను.