చైనాపై ఐరోపా సమాఖ్య ఆయుధ నిషేధం

చైనాకు ఆయుధాల అమ్మకాన్ని నిలిపివేస్తూ 1989 జూన్‌లో ఐరోపా సముదాయపు 12 సభ్యదేశాల అధినేతలు మాడ్రిడ్‌లో ప్రకటించిన నిర్ణయం ఇది. తియానన్మెన్ కూడలిలో ప్రజాస్వామ్య ఉద్యమాన్ని సైన్యం అణచివేయడం దీనికి కారణం. నిషేధం నేటికీ అమలులో ఉన్నది. అయితే ఇది చట్టం కాదు, రాజకీయ ప్రకటన మాత్రమే. ఆయుధాలంటే ఏవో అందులో నిర్వచించలేదు. కనుక ఏ దేశానికి ఆ దేశం తనకు అనువైన అర్థం చెప్పుకున్నది.

ఎత్తివేత ప్రయత్నం

2003లో ఫ్రాన్సు అధ్యక్షుడు జాక్ షిరాక్, జర్మనీ ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ నిషేధం తొలగించాలని కోరారు. అమెరికా తీవ్రంగా వ్యతిరేకించినది. ఐరోపా పార్లమెంటు కూడా నిషేధం కొనసాగాలని తీర్మానించినది. 2005 మార్చిలో తైవాన్‌పై బలప్రయోగానికి వీలు కల్పించే చట్టాన్ని చైనా చేయడంతో ప్రయత్నం ఆగిపోయినది.

ఏకాభిప్రాయ నియమం

సమాఖ్య విదేశాంగ, భద్రతా నిర్ణయాలకు సాధారణంగా సభ్యదేశాలన్నీ సమ్మతించాలి. నిషేధాన్ని నిలిపి ఉంచినది ఈ నియమమే. చైనా విషయంలో ఒకే గొంతు వినిపించనీయనిదీ ఇదే. 2016లో గ్రీసులోని పిరేయస్ ఓడరేవు సంస్థలో 51 శాతం వాటాను చైనా ప్రభుత్వ సంస్థ కాస్కో కొన్నది. 2017 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలిలో చైనాను విమర్శించవలసిన సమాఖ్య ప్రకటనను గ్రీసు అడ్డుకున్నది. పెట్టుబడే కారణమని రుజువు చేయడం కష్టం. కానీ ఒక్క దేశపు అభ్యంతరం మిగిలిన 27 దేశాలను మౌనంగా ఉంచినది.

వాణిజ్య మార్గం

వాణిజ్యంలో ఈ అడ్డంకి తక్కువ. 2021లో తైవాన్ కార్యాలయానికి అనుమతించిన లిథువేనియా ఎగుమతులను చైనా అడ్డగించినది. 2023 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఆర్థిక ఒత్తిడి నిరోధక నిబంధన కింద సభ్యదేశాల ప్రత్యేక ఆధిక్యతతోనే ప్రతిచర్య తీసుకొనవచ్చును. ఏ ఒక్క దేశానికీ వీటో లేదు.