పిల్లలకు ఒకే డాక్టరు – హస్తవాసి మాటేమిటి?

గుడివాడ నుంచి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. సారాంశం ఇది: "మా బాబుకు నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచి బెజవాడలో ఒకే డాక్టరుగారికి చూపిస్తున్నాం. మావారి ఉద్యోగరీత్యా గుడివాడ మారవలసి వచ్చింది. ఇప్పటికీ వాడికి జలుబు చేసినా, ఒళ్లు కాస్త వెచ్చబడినా బస్సెక్కి బెజవాడ పరుగెత్తుతున్నాం. 'ఆయన హస్తవాసి మంచిది, చెయ్యి పెడితే చాలు జ్వరం దిగుతుంది' అంటారు మా అత్తగారు. 'ఈ ఊళ్లో డాక్టర్లే లేరా?' అంటారు మావారు. ఎవరి మాట వినమంటారు?"

ఈ ప్రశ్న నేను పాతికేళ్లకు పైగా ఆస్పత్రి గదిలో వింటూనే ఉన్నాను. అత్తగారి మాటలోనూ, అబ్బాయి మాటలోనూ నిజం ఉన్నది. ముందుగా పెద్దావిడ మాట తీసుకుందాం.

హస్తవాసి అంటే చేతిలో ఉండే మహిమ కాదు. డాక్టరుకు పిల్లవాడితో ఉన్న పరిచయమే హస్తవాసి. ఒక ఉదాహరణ చెబుతాను. ఏడాది నిండిన పిల్లలు ఇద్దరు వచ్చారనుకోండి. ఇద్దరి బరువూ ఎనిమిది కిలోలే. మొదటివాడు రెండున్నర కిలోలతో పుట్టి నెలనెలా కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చాడు. వాడిది చిన్న కాయం, అంతే, భయం లేదు. రెండోవాడు ఎనిమిదో నెలలోనే ఎనిమిది కిలోలు ఉన్నాడు. ఆ తర్వాత నాలుగు నెలలుగా ముల్లు కదలలేదు. వాడి సంగతి వెంటనే చూడాలి. మొదటిసారి చూసే డాక్టరుకు ఈ తేడా ఎలా తెలుస్తుంది? త్రాసు ఇవ్వాళ్టి బరువు చెబుతుంది గాని, నిన్నటి బరువు చెప్పదు.

దగ్గు విషయమూ అంతే. కార్తీకంలో ఒక డాక్టరు, సంక్రాంతికి ఇంకొకరు, తొలకరికి మరొకరు చూస్తే ముగ్గురూ "కాస్త నెమ్ము చేసింది" అని తలా ఒక యాంటీబయోటిక్ వ్రాస్తారు. ముగ్గురూ తప్పు చేసినట్టు కాదు. ఒక్కొక్కరూ చూసింది ఒక్కొక్క దగ్గునే. ఒక్కరే మూడుసార్లూ చూసి ఉంటే "ఏమమ్మా, ప్రతిసారీ వీడికి పిల్లికూతలు వస్తున్నాయి, మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉన్నదా?" అని అడుగుతారు. అప్పుడు అసలు జబ్బు బయటపడుతుంది. యాంటీబయోటిక్‌లతో పని లేక, పీల్చే మందుతో పిల్లవాడు తేరుకుంటాడు.

ఇంకొక లాభం కూడా ఉన్నది. రెండు రోజుల తర్వాత మళ్లీ ఈ తల్లి నా దగ్గరకే వస్తుందని తెలిసిన డాక్టరు "ఇవ్వాళ మందేమీ వద్దు, నీళ్లు బాగా పట్టు, ఎల్లుండి తీసుకురా" అని ధైర్యంగా చెప్పగలడు. మళ్లీ వస్తుందో రాదో తెలియని డాక్టరు చీటీలో నాలుగు మందులు వ్రాసి పంపుతాడు. తెలిసిన డాక్టరు తక్కువ మందు వ్రాయడానికి కారణం ఇదే.

పెద్దవారి విషయంలో దీనిని శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూశారు. తొమ్మిది దేశాలలో జరిగిన 22 పరిశోధనలను కలిపి పరిశీలించి 2018లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించారు. వాటిలో 18 పరిశోధనలలో, ఒకే డాక్టరు దగ్గర వైద్యం కొనసాగించిన వారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఆరంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం వెనుక ఉద్దేశం కూడా ఇదే: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకు రెండుసార్లు అదే ఊరికి రావాలని.

కాబట్టి అత్తగారి మాట కొట్టివేయవద్దు. కాని బెజవాడ సూర్యారావుపేటలో అడుగడుక్కీ డాక్టర్ల బోర్డులు ఉండటం చేత కొందరు తల్లిదండ్రులు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. ఉదయం ఒక డాక్టరు, సాయంత్రానికి జ్వరం తగ్గలేదని రెండో డాక్టరు, మర్నాడు మూడో డాక్టరు. మామూలు వైరస్ జ్వరం తగ్గడానికి మూడు రోజులైనా పడుతుంది. మూడోరోజు ఎవరి దగ్గర ఉంటే వారికి హస్తవాసి పేరు వస్తుంది! బిడ్డకు మాత్రం మూడు చీటీల మందులు పొట్టలో పడతాయి.

ఇక మీవారి మాటకు వద్దాం. దీనికి నా తప్పే ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం డెల్టాలో ఒక ఆరోగ్య కేంద్రానికి బదిలీ మీద వెళ్లాను. అక్కడ అంతకుముందున్న డాక్టరుగారంటే ఊరివారికి ప్రాణం. చేరిన వారంలోనే ఒక అబ్బాయిని చెవిపోటుతో తీసుకువచ్చారు. బయట వరుస పెద్దదిగా ఉన్నది. "వీడికి పడని మందేదైనా ఉన్నదా?" అని అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు. అమాక్సిసిలిన్ సిరప్ వ్రాసి, మొదటి మోతాదు అక్కడే వేయించాను. పావుగంటలో పిల్లవాడికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి బిగబట్టింది. వెంటనే అడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చాం, బతికాడు. అప్పుడు తల్లి ఏడుస్తూ చెప్పింది: "ఇదివరకు కూడా ఇలాగే అయ్యింది బాబూ. ఏ మందో నాకు తెలియదు, పాత డాక్టరుగారికి తెలుసు."

ఆ మాట నేను ఈనాటికీ మరచిపోలేదు. పిల్లవాడి ప్రాణానికి సంబంధించిన సంగతి ఒక్క మనిషి తలలో ఉన్నది. ఆ మనిషి బదిలీ మీద వెళ్లిపోయాడు. మేము గవర్నమెంటు డాక్టర్లం, ఎక్కడా వేళ్లూనుకోం. ప్రైవేటు డాక్టరుగారైనా ఊరికి వెళ్తారు, జబ్బు పడతారు, రిటైరవుతారు. కాబట్టి డాక్టరును నమ్ముకోండి గాని, డాక్టరు జ్ఞాపకాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఆయనకు తెలిసినదంతా మీ దగ్గర కూడా వ్రాసి ఉండాలి.

దీనికి నూరు పేజీల నోటుపుస్తకం ఒకటి చాలు. పిల్లవాడి పేరు మీద పెట్టి ఇవి వ్రాయండి:

1. పుట్టిన తేదీ, పుట్టిన బరువు, నెలలు నిండి పుట్టాడా లేదా, పుట్టగానే ఏడ్చాడా.

2. టీకాలు వేసిన తేదీలు. ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు ఈ పుస్తకంలోనే అంటించండి. చాలామంది తొమ్మిదో నెల టీకాతో అయిపోయిందనుకుంటారు. పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య, మళ్లీ అయిదారేళ్ల వయసులో, పదేళ్లకు, పదహారేళ్లకు కూడా ఉన్నాయి.

3. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడల్లా తేదీ, బరువు, జబ్బు పేరు, ఇచ్చిన మందు పేరు. జ్వరం సిరప్ అయితే సీసా మీది బలం కూడా వ్రాయండి. ఒకే పేరుతో 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. "ఒక చెంచా" అంటే రెండింటిలో ఒకటి కాదు.

4. పడని మందుల పేర్లు. ఇవి మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉండాలి.

5. జ్వరంలో ఫిట్స్ వచ్చాయా, ఆస్పత్రిలో చేర్చారా, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, మూర్ఛ, రక్తహీనత జబ్బులు ఉన్నాయా.

ఆ పేజీలను ఫోనులో ఫొటోలు కూడా తీసి ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఎంతమంది తల్లులు తడిసి ముద్దయిన ఫైళ్లు చేతపట్టుకుని వచ్చారో నాకు తెలుసు. అక్షరం ఒక్కటీ నిలవలేదు. టీకాల వివరాలయితే ఆరోగ్య కార్యకర్త రిజిస్టరులో కొంత దొరుకుతాయి. పడని మందు పేరు ఏ రిజిస్టరులో వెతుకుతాం?

మరొక హెచ్చరిక, ఇది అన్నిటికన్నా ముఖ్యం. "మా డాక్టరుగారు రేపు వస్తారు" అని బిడ్డను ఇంట్లో ఉంచుకోవద్దు. ఈ లక్షణాలలో ఏది కనిపించినా దగ్గరలో ఉన్న ఆస్పత్రికి వెళ్లండి, లేదా 108కు ఫోను చేయండి: రెండు నెలల లోపు పసికందుకు జ్వరం, పాలు, నీళ్లు తాగలేకపోవటం, తాగినదంతా వాంతి కావటం, ఫిట్స్, మగతగా పడి ఉండటం, విరేచనంలో రక్తం, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవటం, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు ఎగరేయటం.

ఊపిరిని మీరే లెక్కపెట్టవచ్చు. బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, లేక అంతకు మించి ఉంటే న్యుమోనియా అయి ఉండవచ్చు. అటువంటప్పుడు హస్తవాసి చూడకండి, దూరం చూడండి.

ఇక గుడివాడ సోదరికి నా సలహా. అమ్మా, ఈసారి బెజవాడ వెళ్లినప్పుడు ఒక కొత్త నోటుపుస్తకం తీసుకువెళ్లండి. నాలుగేళ్లుగా మీ బాబును చూసిన డాక్టరుగారిని, మందులు, టీకాలు, పడనివి, ఆయన గమనించినవి ఒక పేజీలో వ్రాసి ఇవ్వమని అడగండి. ఆయన ఏమీ అనుకోరు. మంచి డాక్టరు సంతోషిస్తాడు. తర్వాత మీ ఇంటికి దగ్గరలో ఒక పిల్లల డాక్టరును ఎంచుకుని, బాబు ఆరోగ్యంగా ఉన్న రోజునే తీసుకువెళ్లి, ఆ పుస్తకం చూపించి పరిచయం చేసుకోండి. జలుబు, జ్వరాలకు ఆయనే. ఏదైనా పెద్ద సందేహం వస్తే అప్పుడు బెజవాడ ఉండనే ఉన్నది.

మీ అత్తగారితో మాత్రం ఇలా చెప్పండి: హస్తవాసి కుదరడానికి కొత్త డాక్టరుగారికి కూడా ఏడాది రెండేళ్లు గడువు ఇవ్వాలి. పాత డాక్టరుగారికి కూడా మొదటి రోజునే కుదిరి ఉండదు.