భద్రాచలం పాటకు రెండో వైపు

గ్రామఫోను రికార్డులకు మళ్లీ రోజులొచ్చాయి. అమెరికాలో 2022లో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. 1987 తరవాత అలా జరగడం అదే మొదటిసారి. మన దగ్గర అంత అమ్మకాలు లేకపోయినా, పాత ప్లేట్ల కోసం ఊళ్లూ అంగళ్లూ గాలించేవాళ్లు, ఈమధ్య ఏం విన్నారని పలకరించుకునేవాళ్లు తెలుగువాళ్లలోనూ ఉన్నారు. ఘంటసాల భగవద్గీత, స్థానం నరసింహారావు నాటక పాటలు, బాలమురళీకృష్ణ రామదాసు కీర్తనలు ఆ మాటల్లో తప్పకుండా వినబడతాయి. ఈ పంచుకోవడం మంచి అలవాటు. ఒకరు విన్నది పదిమందికి తెలిస్తేనే పాత పాటకు కొత్త చెవులు దొరుకుతాయి. అయితే ఖమ్మం దాటి, పాల్వంచ దాటి, అడవి అంచున నిలబడి చూస్తే ఈ జాబితాల్లో ఒక పెద్ద లోటు కనిపిస్తుంది. గుడి పాట ఉంది, అడవి పాట లేదు. విన్న రికార్డుల గురించి చెప్పుకునేవాళ్లు, అదే నేల మీద రికార్డుకెక్కని పాట గురించి కూడా చెప్పుకోవాలని, దాన్ని ఎక్కించే పనికి పూనుకోవాలని నా వాదన.

రికార్డు ఒక పాటకు ఎంత మేలు చేయగలదో రామదాసు కీర్తనలే చెబుతాయి. రామదాసుగా పేరొందిన, నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరసాలలో 12 ఏళ్లు మగ్గినవాడు. ఆయన కీర్తనలు అచ్చులోకి రాకముందు భజన గోష్ఠుల్లో బతికాయి. ఏ ఊరి భజనకు ఆ ఊరి మట్టు. తరవాత రేడియో వచ్చింది, మైకు సెట్లు వచ్చాయి, రికార్డులు వచ్చాయి. 1964లో నాగయ్య తీసిన రామదాసు సినిమా పాటలు, ఆ తరవాత బాలమురళి గొంతులో కీర్తనల రికార్డులు గుళ్లకూ పందిళ్లకూ చేరాయి. సంగీతం చెప్పించుకునే స్తోమత లేని ఇంట్లో కూడా పిల్లలు ఆ కీర్తనలను తాళం తప్పకుండా పాడగలిగారంటే అందులో ప్లేటుకు వాటా ఉంది. దాని వల్ల కొంత నష్టమూ జరిగింది. ఊరూరా ఉన్న మట్లు తగ్గి, రికార్డులో ఉన్నదే అసలు వరస అన్న భావం బలపడింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పాడదు కనుక చరణాలు తెగ్గొట్టక తప్పలేదు. లాంగ్‌ప్లే వచ్చి ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా చోటిచ్చాకే కీర్తన ఊపిరి పీల్చుకుంది. లాభనష్టాలు బేరీజు వేస్తే మాత్రం లాభమే ఎక్కువన్నది నా తీర్పు. రికార్డు లేకపోతే గోపన్న ఇంతమంది నోట ఇంత పదిలంగా నిలిచేవాడు కాదు.

ఇక రెండో వైపు తిప్పుదాం. భద్రాద్రి స్థలపురాణమే ఒక కోయ స్త్రీతో మొదలవుతుంది. పుట్టలో ఉన్న విగ్రహాలను కనుగొని, తాటాకు పందిరి వేసి, అడవిలో దొరికిన పండ్లు నివేదించిన పోకల దమ్మక్క లేకుండా ఆ గుడి కథ లేదు. దమ్మక్క జాతి పాట మాత్రం రికార్డు డబ్బా మీద కనబడదు. కొమ్ములు ధరించి డోళ్లు మోగిస్తూ ఆడే కొమ్ము కోయ నృత్యం, ఆడవాళ్లు చేతులు కలిపి పాడే రేల పాటలు, భూమి పండుగలో, కొత్తల పండుగలో, కొలుపుల్లో పాడేవి, కోయల కథాగాయకులైన డోలీలు పాడే వంశచరిత్రలు వేల మందికి నోటికి వచ్చిన సాహిత్యం. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పినవారు 4 లక్షలకు పైగా ఉన్నారు. ఇక్కడే నన్ను కలచివేసే మాట ఒకటుంది. 78 రికార్డుకు ముడిసరుకు లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగు కట్టే పొరను మధ్య భారతపు అడవుల్లో ఆదివాసులు గీకి సంతకు తెచ్చేవారు. ప్రపంచంలోని గ్రామఫోను కంపెనీలన్నీ చాలావరకు మన దేశపు లక్క మీదే ఆధారపడ్డాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఆ సరఫరాకు ఇబ్బంది వస్తే 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి లక్క వాడకాన్ని కుదించాల్సి వచ్చింది. రికార్డుకు ఒళ్లు ఇచ్చింది అడవి. ఆ ఒంటి మీద గీసిన గీతల్లో అడవి గొంతుకు చోటు దొరకలేదు.

దీనికి ఎవరినీ తప్పుపట్టలేమని, కంపెనీ వ్యాపారం చేస్తుంది గానీ ధర్మకార్యం చేయదని కొందరంటారు. నిజమే. మూడు నిమిషాల ప్లేటులో నాటక పద్యం చక్కగా ఇమిడింది, రాగాలాపనతో సహా. రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగే కథాగానం ఇమడదు. గ్రామఫోను పెట్టె కొనగలిగినవాళ్లు పట్నాల్లో ఉన్నారు, వాళ్లకు కోయ భాష రాదు. పాడేవాళ్ల దగ్గర పెట్టె కొనే డబ్బు లేదు. కానీ వ్యాపారం కాని రికార్డింగు అన్నదే అప్పట్లో లేదనుకోవడం పొరపాటు. భారతదేశ భాషల సర్వే నడిపిన గ్రియర్సన్ చొరవతో 1913 నుంచి 1929 దాకా రాష్ట్రాల ప్రభుత్వాలు అనేక భాషల మాటనూ పాటనూ గ్రామఫోను మీదికి ఎక్కించాయి. అమ్మకం కోసం కాదు, భాష ఎలా పలుకుతుందో నిలవ ఉంచడం కోసం. వందేళ్ల తరవాత కూడా ఆ గొంతులను ఇంటర్నెట్లో వినవచ్చు. పరాయి సర్కారుకు సాధ్యమైన పని మన సర్కార్లకు అసాధ్యం కాదు.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది, జాతర జరిగితే వంద వీడియోలు పుట్టుకొస్తున్నాయి, ఇంకా రికార్డుల గొడవ ఎందుకన్నది మరో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తోసెయ్యలేం. పాత ప్లేటు గొప్పతనం దాని చిటపటల్లో లేదు, మధ్యలో అంటించిన చీటీలో ఉంది. పాడినవారెవరు, వాయించినవారెవరు, రాగమేది, తాళమేది, కంపెనీ నంబరేది అన్నీ ఆ గుండ్రటి కాగితం మీద ఉంటాయి. అందుకే 80 ఏళ్ల తరవాత కూడా ఎవరి పాటో చెప్పగలుగుతున్నాం. ఫోను వీడియోలో పాడిన అవ్వ పేరుండదు, గూడెం పేరుండదు, ఆ పాట పెళ్లిదో చావుదో తెలియదు. నాలుగు చేతులు మారేసరికి అది ‘గిరిజన పాట’ అన్న ఒక్క ముద్రతో మిగులుతుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఉదాహరణ చూడండి. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల చరిత్రలను తెలుగులోనూ కోయలోనూ పాడిన కళాకారుడు. కంచుతాళం విద్యను నిలబెట్టినందుకు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన గొంతు తునకలు తునకలుగా వీడియోల్లో దొరకవచ్చు. ఏ కథ, ఏ గోత్రానిది, ఎవరి దగ్గర నేర్చినది అన్న చీటీ ఉంటేనే ఆ తునకల నుంచి రేపటి డోలీ కుర్రవాడు విద్య నేర్చుకోగలడు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మూడోది. కొలుపులో పాడేది వేలుపు కోసం. దాన్ని పట్టి డబ్బాలో పెట్టడం, ఊరు కానివాళ్లు కాలక్షేపానికి వినడం అపచారం కాదా? పైగా ఆదివాసుల పాటను సినిమావాళ్లు ఎత్తుకుపోయి సొమ్ము చేసుకుంటే అడిగేదెవరు? ఈ భయాలకు కారణాలున్నాయి. కాబట్టి మైకు కంటే ముందు గూడేనికి వెళ్లాల్సింది అనుమతి అడిగే మనిషి. ఏది రికార్డు చెయ్యవచ్చో, ఏది చెయ్యకూడదో, ఏది ఊళ్లోనే ఉండాలో పెద్దలూ పాడేవాళ్లూ చెప్పాలి. మొదటి ప్రతి వాళ్లకే చెందాలి. వద్దన్న పాట వద్దు. కానీ పవిత్రమని చెప్పి మొత్తానికే మౌనంగా ఉండిపోతే, పెళ్లిపాటలూ పొలంపాటలూ లాలిపాటలూ కూడా పెద్దవాళ్లతోనే పోతాయి. గోపన్న కీర్తనలూ దేవుడి ముందు పాడినవే. అవి ప్లేటుకెక్కడం అపచారమని ఎవరూ అనలేదు.

ఆలస్యానికి వ్యవధి కూడా లేదు. పోలవరం ముంపు కారణంగా 2014లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని 7 మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, పక్కనున్న ఎటపాక అటు ఉంది. ఒకే వంశం వాళ్లు రెండు రాష్ట్రాల్లో పడ్డారు. గోదావరి, శబరి ఒడ్డు గూడేల నుంచి జనం పునరావాస కాలనీలకు తరలుతున్నారు. ఈ పాటల్లో వాగు పేరుంటుంది, గుట్ట పేరుంటుంది, వేలుపు చెట్టు ఉంటుంది. అవి కంటికి దూరమయ్యాక పాట నేర్పడం కష్టం. ఈ పనికి కావలసిన సంస్థలన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి: భద్రాచలంలో, చింతూరులో గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు), కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం. ఆదివాసీ వాద్యాలను ఏళ్ల తరబడి సేకరించిన జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటివారి అనుభవం ఉంది. రామదాసు ఉత్సవాలకు ఏటా ఖర్చు పెట్టేవారు అందులో కొంత దమ్మక్క పాటకు కేటాయిస్తే రాముడు కాదనడు.

రికార్డులు వినేవారికి నాదొక విన్నపం. మీ ఇంటి అటక మీదున్న ప్లేట్లను పాత సామాన్లవాడికి వెయ్యకండి. చీటీ మీదున్న ప్రతి అక్షరం రాసిపెట్టుకోండి, ఫొటో తీయండి. మన చట్టం ప్రకారం శబ్దముద్రణ మీద హక్కు అది వెలువడిన ఏడాది ముగిశాక 60 ఏళ్లే. 1964 దాకా వచ్చిన ముద్రణలకు ఆ గడువు ముగిసింది. పాట రాసినవారి హక్కు, వరస కట్టినవారి హక్కు వేరుగా చూసుకుని, అడ్డు లేనివాటిని జిల్లా గ్రంథాలయానికి ఇచ్చి అందరూ వినేలా చేయించండి. ఈసారి ఏం వింటున్నారని ఎవరైనా అడిగినప్పుడు బాలమురళి పేరుతో పాటు మీకు తెలిసిన ఒక కోయ గాయకుడి పేరు, ఒక గూడెం పేరు కూడా చెప్పండి. తెలియకపోతే భద్రాచలం వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక ఒక పూట గూడెంలో అడిగి తెలుసుకోండి.