బ్రాంచి ముందా? కాలేజీ ముందా?

జూన్, జూలై నెలలొచ్చాయంటే నా ఫోనుకి ఊపిరాడదు. మా వైపు నేనో 'సాఫ్ట్‌వేరబ్బాయి'ని. (నలభై దాటినా అబ్బాయినే, అదో ఆనందం :)) చుట్టాలు, చుట్టాల చుట్టాలు ఫోన్ చేసి ముందు ర్యాంకు చెప్తారు, ఆ తర్వాత ఒకటే ప్రశ్న. "బ్రాంచి చూడమంటావా, కాలేజీ చూడమంటావా?" ఇన్నేళ్ళూ ఏదో ఒకటి చెప్పేసి ఫోన్ పెట్టేసేవాణ్ణి. ఈసారి మాత్రం రెండ్రోజులు టైమడిగాను. ఎందుకంటే ఈసారి అడిగింది మా బావ.

చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు వెళ్ళే దార్లో మా ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప. అక్కావాళ్ళకి నాలుగెకరాలు సొంతం, ఇంకో మూడు కౌలు. మేనల్లుడికి ఈ యేడు ఈఏపీసెట్‌లో (మనందరి నోట్లో ఇంకా ఎంసెట్టే కదా, 2021 నుంచి పేరు మారింది) ఓ మాదిరి ర్యాంకు వచ్చింది. బావ మాట ఇదీ:

"మంచి కాలేజీలో సీఎస్ఈ కన్వీనర్ కోటాలో రాదంట. మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడొచ్చా. ఎకరం అమ్మితే సరిపోద్ది. వీడేమో బాపట్ల పోయి అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ చదువుతా అంటన్నాడు. వ్యవసాయం చెయ్యటానికి చదువెందుకయ్యా, నేను చెయ్యట్లా? నువ్వు చెప్పు, నీ మాటైతే ఇంటాడు."

ఆఖరి మాట దగ్గరే నాకు గొంతులో వెలక్కాయ పడింది. నా మాట విన్నవాడు ఒకడున్నాడు. వాడి సంగతి చెప్తాను, కానీ ముందు నా సంగతి.

నేను ఎంసెట్ రాసింది 2001లో. డాట్‌కామ్ బుడగ అప్పుడే పగిలింది. "సీఎస్ఈ పని అయిపోయింది, ఈసీఈ తీస్కో" అన్నారందరూ. కౌన్సెలింగ్ హాల్లో తెర మీద సీట్లు కరిగిపోతుంటే నిమిషంలో ఈసీఈ అని చెప్పేసి బయటికొచ్చాం. 2005లో పట్టా పుచ్చుకునేసరికి క్యాంపస్‌కొచ్చిన కంపెనీలన్నీ సాఫ్ట్‌వేర్‌వే. ఆ తర్వాత 2008 మాంద్యంలో మళ్ళీ సాఫ్ట్‌వేర్ వద్దన్నారు, సివిల్‌కి మంచి గిరాకీ అన్నారు. ఆ సివిల్ వాళ్ళు బయటికొచ్చేసరికి రియల్ ఎస్టేట్ చల్లబడింది. ఇప్పుడు మళ్ళీ ఊరంతా సీఎస్ఈ, దానికి ఏఐ అనీ డేటా సైన్స్ అనీ తోకలు. అదే సమయంలో 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని తగ్గించుకుంటున్నామని ప్రకటించింది. అంటే సీఎస్ఈ దండగని కాదు నేననేది. చేరేటప్పుడున్న గాలి నాలుగేళ్ళ తర్వాత అటే వీస్తుందని ఎవరూ రాసివ్వలేరు.

ఇది మా వాళ్ళకి నేను చెప్పాలా? 2023లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటింది. అది చూసి ఎకరాలకెకరాలు మిరపే వేశారు. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సొచ్చింది. పోయినేడు రేటు చూసి ఈ యేడు పంటేస్తే ఏమవుతుందో ఒంటికి తెలిసినవాళ్ళు, పిల్లాడి చదువు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పోయినేటి రేటే చూస్తారు.

సరే, ఇప్పుడు నా మాట విన్నవాడి సంగతి. మా పిన్ని కొడుకు. 2010లో ఎంసెట్ రాశాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక హైవే పక్కన పొలాల్లో వరసబెట్టి కాలేజీలు లేస్తున్న రోజులు. వాడికొచ్చిన ర్యాంకుకి కాస్త పేరున్న కాలేజీలో మెకానికల్ వచ్చేది. వాడికీ అదే ఇష్టం, చిన్నప్పట్నుంచీ స్ప్రేయర్ మోటారు విప్పి బిగించేవాడు. నేనప్పటికి ఐదేళ్ళ సీనియారిటీ ఉన్న మేధావిని కదా, "ఏ కాలేజీ అయినా పర్లేదురా, సీఎస్ఈ తీస్కో. తర్వాత నే చూసుకుంటా" అన్నాను. తీస్కున్నాడు. కొత్త కాలేజీ. పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. ల్యాబులో కంప్యూటర్లకి వేసిన ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. పాఠాలు చెప్పేది పోయినేడు పాసైన పిల్లలు. నాలుగేళ్ళ చదువు ఆరేళ్ళు పట్టింది. 'నే చూసుకుంటా' అన్న నేను అప్పుడు ఆన్‌సైట్‌లో ఉన్నాను. ఇప్పుడు వాడు పేటలో పురుగుమందుల కొట్టు నడుపుతున్నాడు, బాగానే నడుపుతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు ఏనాడూ. కానీ మా పిన్ని ఎవరితోనో చెప్తుంటే విన్నాను: "అన్నయ్య చెప్పాడని చేర్చాంలే." అందులో కోపం కూడా లేదు. కోపమైనా ఉంటే బాగుండేది.

అప్పట్నుంచీ ఈ ప్రశ్న గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు అర్థమయ్యిందేంటంటే, ప్రశ్నే తప్పు. 'విత్తనం ముందా, నేల ముందా' అని రైతునెవరన్నా అడుగుతారా? ఏ విత్తనానికి ఏ నేల అన్నదే లెక్క. లాం ఫారం వాళ్ళ ఎల్‌సీఏ-334 మిరప ఎంత మంచిదైనా నీళ్ళు నిలిచే చేలో వేస్తే వేరుకుళ్ళు రాక మానదు. కాలేజీ కూడా అంతే. ఒక కాలేజీ అంటే ఒకటి కాదు. ఒకే గేటు లోపల ఆరేడు కాలేజీలున్నట్టు. ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ బ్రహ్మాండంగా ఉండి, మెకానికల్ వర్క్‌షాప్ తుప్పు పట్టి ఉండొచ్చు. మన పిల్లలు చేరేది కాలేజీలో కాదు, ఆ కాలేజీలోని ఒక డిపార్ట్‌మెంట్‌లో.

కాబట్టి నా వరకూ నేను మూడు రకాలుగా విడదీసుకున్నాను.

ఒకటి, సీఎస్ఈయే కావాలనే వాళ్ళు. మన వృత్తి కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. ల్యాబు లేకపోయినా ఎంతో కొంత సొంతంగా నేర్చుకోగలిగిన బ్రాంచి ఇదొక్కటే. ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఎన్నో ఏళ్ళుగా ఉచితంగా ఉన్నాయి. ఇక్కడ కాలేజీ ఇచ్చేది ముఖ్యంగా తోటి పిల్లలూ, క్యాంపస్‌కొచ్చే కంపెనీలూ. ఆ రెండూ బాగుంటే సరే. లేకపోతే ఎకరం అమ్మి కొనేదేంటి? పైగా 2024-25 నుంచి, బాగా నడుస్తున్న కాలేజీలకి బ్రాంచికి ఇన్నే సీట్లనే పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. సీట్లు పెంచుకున్నంత సులభంగా పాఠం చెప్పేవాళ్ళు దొరకరు.

రెండు, చేత్తో పట్టుకుని నేర్చుకోవాల్సిన చదువులు. మెకానికల్, సివిల్, కెమికల్, అగ్రికల్చరల్. లేత్ మిషన్ని ఇంట్లో పెట్టుకోలేం. కాలవలో నీళ్ళెంత వేగంగా పోతున్నాయో కొలవడం యూట్యూబులో చూసి రాదు. ఇలాంటి బ్రాంచి కావాలనుకున్నవాడికే కాలేజీ ఎక్కువ ముఖ్యం. మనం చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. సీఎస్ఈకి ఎకరాలమ్మి పెద్ద కాలేజీ వెతుకుతాం, 'ఏదో మెకానికల్ వచ్చిందిలే' అనుకుంటే దగ్గర్లో బస్సొచ్చే కాలేజీలో పడేస్తాం.

మూడు, ఏం కావాలో ఇంకా తెలియనివాళ్ళు. పదిహేడేళ్ళకి తెలియకపోవడం నేరమేం కాదు. వీళ్ళు మాత్రం బ్రాంచి సంగతి కాస్త పక్కనపెట్టి, అన్ని డిపార్ట్‌మెంట్లూ నిలకడగా ఉన్న పాత కాలేజీ చూసుకోవాలి. మా వైపు 1981లో పెట్టిన బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ, 1985 నాటి ఆర్‌వీఆర్ జేసీ లాంటివి ఉన్నాయి. పాతదైనంత మాత్రాన ప్రతి డిపార్ట్‌మెంటూ మంచిదని కాదు, వెళ్ళి చూసుకోవాల్సిందే. చేరాక బ్రాంచి మార్చుకోవచ్చులే అన్న ధీమా మాత్రం వద్దు. కొన్ని ఐఐటీలే ఆ సదుపాయం తీసేశాయి. దాని బదులు ఇంకో బ్రాంచిలో మైనర్ డిగ్రీ చేసే వీలుందేమో అడగండి. మెకానికల్ చదువుతూ కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ చేసే దారి చాలా చోట్ల ఉంది.

మరి డిపార్ట్‌మెంట్ మంచిదో కాదో తెలిసేదెలా? మిర్చి యార్డులో వ్యాపారి ఏం చేస్తాడు? బస్తా మీద అచ్చేసిన బొమ్మ చూస్తాడా? మధ్యలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు లాగుతాడు. తాలెంత, తేమెంత, రంగేంటి అని చూస్తాడు. మనమూ అంతే చెయ్యాలి. హోర్డింగ్ మీద 'న్యాక్ ఎ గ్రేడ్' అని ఉంటుంది, అది మొత్తం కాలేజీకిచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు, దానికి గడువు కూడా ఉంటుంది. మీ బ్రాంచికి ఉందా, గడువు దాటిందా అన్నది ఎన్‌బీఏ వాళ్ళ సైట్లో చూసుకోవచ్చు. తర్వాత ఒక రోజు పిల్లాణ్ణి తీసుకుని అక్కడికే వెళ్ళండి. ల్యాబు తలుపు తీయమనండి. మిషన్ మీద దుమ్ముందా, నూనె ఉందా చూడండి. పాఠాలు చెప్పేవాళ్ళ పేర్లు రెండేళ్ళ క్రితమూ అవేనా అడగండి. ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలో మొహాలు కాదు, మూడో సంవత్సరం పిల్లలిద్దర్ని క్యాంటీన్లో పట్టుకుని టీ ఇప్పించి అడగండి. పదిహేను రూపాయల టీకి లక్షల విలువ చేసే నిజం చెప్తారు.

ఇదంతా అయ్యాక మేనల్లుడికి ఫోన్ చేశాను. "ఎందుకురా అగ్రికల్చరల్?" అని అడిగాను. ఏదో సినిమా డైలాగు చెప్తాడనుకున్నా.

"మావయ్యా, మిచాంగ్ తుఫాను గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. వీడప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడింది. మిరప చేలో నీళ్ళు నిలిచాయి. "మనం, పక్క చేనోళ్ళు ఒకేరోజు మిరప వేశాం. వాళ్ళకి చేను పక్కన కాలవ ఉంది, నీళ్ళు పోయినయ్. మనకి పోలా. నాన్నా నేనూ పారలేసుకుని తవ్వాం. ఎటు తవ్వితే పోతయ్యో తెలీక మూడు చోట్ల తవ్వాం. అది లెక్క ప్రకారం ముందే తెలుసుకునే చదువుందంట కదా."

ఉంది. నీటి పారుదల, మురుగు నీటి పారుదల, నేల సంరక్షణ, యంత్రాలు, పంట ఎండబెట్టడం, నిల్వ చెయ్యడం.. అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ అంటే ఇవే. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది. అదే ఊళ్ళో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది. ఇంటికి దగ్గర, ప్రభుత్వ ఫీజు. ఈ విత్తనానికి ఇంతకంటే తగిన నేల మా చుట్టుపక్కల నాకైతే తెలీదు.

బావకి అదే చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: "జీతం నీ అంత వస్తదా?"

అబద్ధం చెప్పదల్చుకోలేదు. "మొదట్లో రాకపోవచ్చు బావా. ట్రాక్టర్ల కంపెనీలు, డ్రిప్పు కంపెనీలు, గేట్ రాస్తే పై చదువులు ఉన్నయ్. సర్కారు ఉద్యోగాలు తక్కువే. కానీ ఎకరం నీ దగ్గరే ఉంటది. నాలుగేళ్ళయ్యాక వాడు సాఫ్ట్‌వేర్‌కి రావాలంటే అప్పుడూ రావొచ్చు, నేను ఈసీఈ చదివి రాలా? ఎకరం మాత్రం మళ్ళీ రాదు."

ఆయన సరేననలేదు, కాదనలేదు. "నువ్వు మాత్రం ఏసీలో కూర్చుని మావాణ్ణి పొలంలోకి తొయ్యి" అని ఫోన్ పెట్టేశాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్‌లో చల్లగా ఉన్నవాడు పక్కవాడికి వేరే దారి చూపిస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. అందుకే పదిహేనేళ్ళ క్రితం పిన్ని కొడుక్కి చెప్పినట్టు 'తీస్కో' అని మేనల్లుడికి చెప్పలేదు. మావాడూ, వాళ్ళ నాన్నా కలిసి ముందు బాపట్ల ఒకసారి వెళ్ళి, తలుపులు తీయించి చూసి రమ్మన్నాను. నేను చెప్పింది తప్పయితే అక్కడే తేలిపోతుంది.

ఆదివారం వెళ్తామన్నారు. ఆదివారం ల్యాబులు తియ్యరు బావా, పనిరోజు వెళ్ళండి అన్నాను. "పనిరోజైతే మాకూ పొలంలో పనే గదా" అన్నాడు. ఐనా వెళ్తాడు, నాకు తెలుసు. విత్తనాల కొట్లో కొత్త రకం ప్యాకెట్ చూస్తే, అంతకుముందు అది వేసినవాడి చేను చూడకుండా ఏనాడూ కొనని మనిషి.

మీ ఊళ్ళ నుంచి కూడా ఈ నెలలో మీకు ఫోన్లొస్తూనే ఉంటాయి. ఒక్క మాటలో తేల్చి పెట్టెయ్యకండి. మనం ఆన్‌సైట్ వెళ్ళిపోయినా, మన మాట అక్కడే నాలుగేళ్ళు ఉండిపోతుంది.